ఎకరం నేల, పదేళ్ళ పిల్లలు
అమెరికాలో బేస్‌బాల్ మైదానం వెతుక్కునే కుటుంబాల కథ

మార్చి వచ్చిందంటే మన పల్లెల్లో కొన్ని ఇళ్ళకు తాళాలు పడుతున్నాయి. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకో, కూతురు దగ్గరకో పెద్దవాళ్ళు ప్రయాణం కడుతున్నారు. దసరా నాటికి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని వారు చెప్పే కబుర్లలో మనుమడి ఆట ఒకటి తప్పనిసరి. వాడు బ్యాటు పట్టుకుంటాడు గాని అది క్రికెట్ కాదు. బంతిని కొట్టీ కొట్టగానే బ్యాటు అవతల పారేసి పరుగెత్తుతాడు. వికెట్లుండవు. బంతి పట్టడానికి చేతికి అట్లపెనమంత తోలు తొడుగు. శనివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ మడత కుర్చీలు కారులో వేసుకుని గ్రౌండుకు బయలుదేరాలి. ఆట అర్థం కాకపోయినా మనుమడు పరుగెత్తుతుంటే చప్పట్లు కొట్టి వచ్చామంటారు తాతలు.

ఆ ఆట పేరు బేస్‌బాల్. మన పిల్లలకు క్రికెట్ ఎంతో అక్కడి పిల్లలకు అది అంత. అయితే అక్కడ పిల్లవాడికి ఆడాలని బుద్ధి పుట్టగానే బ్యాటు పట్టుకుని వీధి చివరి ఖాళీ జాగాలోకి పోవడం కుదరదు. ముందు గ్రౌండు వెతకాలి. గ్రౌండు కంటె ముందు లీగు వెతకాలి. ఆ లీగు పరిధిలో ఇల్లుండాలి. కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్ళకు ఇదంతా ఒక పెద్ద పనే.

ముందు ఆట సంగతి. నలుచదరం గీసి, దాన్ని ఒక మూల మీద నిలబెట్టినట్టు ఉంటుంది మైదానం. నాలుగు మూలల్లో నాలుగు మజిలీలు. వాటినే బేసులంటారు. బంతి విసిరేవాడు నడిమధ్య నిలబడతాడు. బంతి నేలకు తగలకుండా నేరుగా రావాలి. కొట్టదగిన బంతిని మూడుసార్లు వదిలేసినా, ఊపి తప్పిపోయినా ఔటే. తగిలితే మాత్రం మొదటి మజిలీకి పరుగు. అక్కడినుంచి రెండోదానికి, మూడోదానికి. బయలుదేరిన చోటికి తిరిగి చేరితే ఒక పరుగు లెక్క. జట్టులో ముగ్గురు ఔటయితే వంతు మారుతుంది. పెద్దలకు తొమ్మిది వంతులు, పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఆరు. గాలిలోకి లేచిన బిళ్ళను గోడుతో కొట్టిన చెయ్యి గలవారెవరికైనా ఇందులో కష్టమేమిటో సులువుగానే బోధపడుతుంది.

పిల్లల మైదానం పెద్దల మైదానంలో సగానికి పైచిలుకు. పెద్దలకు మజిలీకీ మజిలీకీ నడుమ దూరం 90 అడుగులు. పిల్లలకు 60 అడుగులే. బంతి విసిరే దూరం పెద్దలకు అరవై అడుగుల ఆరంగుళాలు, పిల్లలకు 46 అడుగులు. కొట్టేచోటి నుంచి కంచె దాకా సాధారణంగా రెండు వందల అడుగులుంటుంది. మన లెక్కలో ఆడే నేల 72 సెంట్లు. చుట్టూ ఖాళీ, కుర్చీలు వేసే జాగా కలుపుకుంటే ఎకరం దాటుతుంది. ఊళ్ళో ఎకరం ఎంత పలుకుతుందో తెలిసినవారికి, పదేళ్ళ పిల్లల ఆటకు ఎకరం వదిలిపెట్టడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

అడుగు బాధ నుంచి పుట్టిన ఆలోచన

ఈ చిన్న మైదానం మొదటినుంచీ ఉన్నది కాదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో సస్క్వెహానా నది ఒడ్డున విలియమ్స్‌పోర్ట్ అనే ఊరుంది. ఒకప్పుడు కలప వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. అక్కడ కార్ల్ స్టోట్జ్ అనే సామాన్య గృహస్థు 1938లో ఇంటి పెరట్లో మేనల్లుళ్ళతో బంతాట ఆడుతూ, బంతి కోసం పరుగెత్తి పూలపొదలో పడ్డాడు. కాలు గీరుకుపోయింది. మెట్ల మీద కూర్చుని కాలు చూసుకుంటున్నప్పుడు ఈ పిల్లలకు తగిన కొలతలతో ఒక మైదానం, సరైన దుస్తులు, ఒక అంపైరు ఉంటే ఎంత బాగుంటుందని ఆయనకు తోచింది. అప్పటిదాకా పిల్లలు పెద్దల గ్రౌండు మీదనే ఆడేవారు. తొమ్మిదేళ్ళవాడు విసిరిన బంతి అవతలికి చేరేది కాదు.

ఆలోచన రావడం వేరు, అమలు చెయ్యడం వేరు. జట్టుకు దుస్తులు కొనడానికి డబ్బు కావాలి. స్టోట్జ్ ఊళ్ళోని వ్యాపారుల గడపలన్నీ ఎక్కి దిగాడు. యాభైకి పైగా గడపల్లో లేదు పొమ్మన్నారు. చివరకు ఒక పాల డెయిరీ వారు ఒప్పుకున్నారు. తరువాత కలప అడితి వారు ఒకరు, మైదాపిండి చిరుతిండి చేసేవారు ఒకరు. మూడు జట్లు తయారయినాయి. 1939 జూన్ 6న మొదటి ఆట జరిగింది. కలప అడితి జట్టు పాల డెయిరీ జట్టును 23-8తో ఓడించింది. దానికి లిటిల్ లీగ్ అని పేరు పెట్టారు.

ఆ మూడు జట్ల లీగు ఈనాడు ఎనభైకి పైగా దేశాలకు పాకింది. కాని మొదలుపెట్టినవాడికి అది దక్కలేదు. వ్యవహారం పెద్దదై, కంపెనీలు వచ్చి, జీతగాళ్ళు కుర్చీలెక్కిన తరువాత స్టోట్జ్‌కూ వారికీ పడలేదు. వ్యాజ్యం కోర్టుకెక్కింది. 1956 నాటికి ఆయన తప్పుకుని, తమ ఊళ్ళోని పాత లీగును మాత్రం వేరుగా నడుపుకున్నాడు. 1992లో కన్నుమూశాడు. పాతిక మొక్కలు నాటినవాణ్ణి తోటలోకి రానివ్వని కథలు మన సహకార సంఘాల్లోనూ లేకపోలేదు.

ఇల్లెక్కడ?

లీగు వెతకడంలో మొదటి ప్రశ్న పిల్లవాడి చేతివాటం గురించి కాదు, ఇంటి చిరునామా గురించి. ప్రతి స్థానిక లీగుకూ పటం మీద గీసిన సరిహద్దు ఉంటుంది. ఫలానా రోడ్డుకు ఇవతల ఒక లీగు, అవతల ఇంకొకటి. ఇల్లుగాని, చదివే బడిగాని ఆ గీతల లోపల ఉంటే పిల్లవాడు ఆ లీగుకు చెందుతాడు. ఆ ఊరి పోస్టల్ నంబరు కొడితే ఏ లీగో చెప్పే ఏర్పాటును లిటిల్ లీగ్ వారు ఇంటర్నెట్టులో పెట్టారు. అది చూసుకోలేనివారు మునిసిపాలిటీలోని పార్కుల విభాగాన్ని అడగవచ్చు. బడి నుంచి పిల్లల సంచుల్లో వచ్చే కరపత్రాలను పారేయకుండా చదివినా చాలు.

ఇంటికి రుజువులు కావాలి. డ్రైవింగ్ లైసెన్సు, కరెంటు బిల్లు, బడి కాగితం లాంటివి చూపాలి. మన రేషన్ కార్డు దరఖాస్తు గుర్తుకు వస్తే ఆశ్చర్యం లేదు. వయసుకు జనన ధ్రువపత్రం తప్పదు. ఆ ఏడాది ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్ళుంటే అదే లీగు వయసు. ఈ పట్టుదలకు కారణం లేకపోలేదు. 2001లో న్యూయార్క్ బ్రాంక్స్ ప్రాంతపు జట్టులో బంతి విసిరిన కుర్రవాడు దేశమంతటినీ ముక్కున వేలేసుకునేలా చేశాడు. తీరా చూస్తే వాడికి పన్నెండు కాదు, పద్నాలుగేళ్ళు. జనన పత్రం దొంగది. ఆ జట్టు గెలిచిన ఆటలన్నీ రద్దయినాయి. బడిలో చేర్చేటప్పుడు వయసు తగ్గించి వేయించే అలవాటు ఒక్క మన దగ్గరే ఉందనుకోనక్కరలేదు.

ఆలస్యం చేస్తే మాత్రం చోటు దొరకదు. ఆట ఏప్రిల్‌లో మొదలైనా పేర్ల నమోదు చాలాచోట్ల చలికాలంలోనే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల ముగుస్తుంది. టెక్సాస్ వంటి వెచ్చని రాష్ట్రాల్లో ఇంకా ముందే. బయట మంచు పడుతుండగా బంతాట గురించి ఎవరు ఆలోచిస్తారని కొత్తవారు ఊరుకుంటారు. మంచు కరిగాక గ్రౌండుకు వెళ్ళి చూస్తే జట్లన్నీ నిండి ఉంటాయి. అలాంటివారికి సెప్టెంబరులో మొదలయ్యే శరదృతువు ఆటలే గతి. అవి కొంత తీరికగా, పోటీ తక్కువగా సాగుతాయి గనుక, కొత్తగా నేర్చేవాడికి అవే మంచివని కూడా చెప్పవచ్చు.

నాలుగేళ్ళవాడికి కూడా చోటుంది. వాడికెవరూ బంతి విసరరు. నడుమెత్తు గుంజ మీద బంతి పెడతారు, కొట్టుకోవడమే వాడి పని. పరుగెత్తవలసినవాడు ఒక్కోసారి సీతాకోకచిలుక వెంట పడతాడు. ఆ వయసు ఆటకు తాతలు వెళ్ళవలసిందే, అంతకు మించిన వినోదం లేదు. వికలాంగులైన పిల్లలకు 1989 నుంచి వేరే విభాగం ఉంది. అందులో చక్రాల కుర్చీలో ఉన్నవాడి పక్కన మామూలు జట్టు పిల్లవాడొకడు తోడుగా నిలబడి, కుర్చీ తోసి పరుగు తీయిస్తాడు.

జీతం లేని కొలువు

మనవారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. ఈ లీగులను ప్రభుత్వం నడపదు. గ్రౌండు చాలాచోట్ల మునిసిపాలిటీదో, బడిదో. నడిపేది మాత్రం తల్లిదండ్రులే. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, పిల్లల రక్షణ చూసే బాధ్యుడు అందరూ ఎన్నికైనవారే, ఎవరికీ జీతం లేదు. వారమంతా ఆఫీసులో ఉండే మనిషి శనివారం తెల్లవారకముందే వచ్చి మట్టి చదును చేసి, సుద్దపొడితో గీతలు గీస్తాడు. తినుబండారాల కొట్టులో తల్లులు వంతులవారీగా నిలబడతారు. ఆ అమ్మకంతో వచ్చిన డబ్బే బంతులకూ, కంచె మరమ్మతుకూ ఆధారం. పేరు నమోదు చేసేటప్పుడే మీరేం పని చేస్తారని అడుగుతారు. పిల్లల దగ్గరకు వచ్చే ప్రతి పెద్దమనిషి పూర్వచరిత్రనూ ఏటా విచారిస్తారు. నేరమున్నవాణ్ణి గడప తొక్కనివ్వరు.

తగాదాలు లేవా అంటే నిక్షేపంలా ఉన్నాయి. జట్టును నడిపే తండ్రి తన కొడుకు చేతికే బంతి ఇస్తాడని మిగతా తండ్రుల గొణుగుడు. దానికి అక్కడ నాన్నగారి ఆట అనే అర్థంలో ఒక ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. పదేళ్ళ పిల్లల ఆటలో అంపైరు మీద కేకలు వేసి గ్రౌండు బయటికి నడిచే పెద్దలూ ఉన్నారు. అందుకే లిటిల్ లీగ్‌లో ఒక నియమం పెట్టారు. జట్టుకు వచ్చిన ప్రతి పిల్లవాడూ ఆటలో కనీసం ఒక్కసారి బ్యాటు పట్టాలి, అవతలి జట్టులో ఆరుగురు ఔటయ్యేంతసేపు మైదానంలో నిలబడాలి. చేతగానివాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి ఇంటికి పంపడానికి లేదు.

2007లో ఇంకో నియమం వచ్చింది. అదేపనిగా విసిరి పిల్లల మోచేతులు పాడవుతున్నాయని డాక్టర్లు మొత్తుకోగా, రోజుకు ఎన్ని బంతులు విసరాలో లెక్క కట్టారు. ఏడెనిమిదేళ్ళవాడికి 50, తొమ్మిది పదేళ్ళవాడికి 75, పదకొండు పన్నెండేళ్ళవాడికి 85. అరవై ఆరు దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. పొద్దస్తమానం ఫాస్ట్ బౌలింగు వేసి భుజం పట్టేసిందని వచ్చే మన ఊరి కుర్రాళ్ళ తండ్రులు ఈ లెక్క వినదగింది.

చోటు దొరకనివారు

పటం మీద గీత గీసినప్పుడు లోపలివారితో పాటు బయటివారు కూడా తయారవుతారు. ఈ ఆట చరిత్రలో ఆ ముచ్చట బాధాకరమైనది.

1955లో దక్షిణ కెరొలినా రాష్ట్రం చార్ల్స్‌టన్‌లో కానన్ స్ట్రీట్ వై.ఎం.సి.ఎ. తరఫున నల్లజాతి పిల్లల జట్టొకటి తయారయింది. పదకొండు, పన్నెండేళ్ళవారు. రాష్ట్ర పోటీలకు పేరిస్తే తెల్లవారి జట్లు 61 ఒక్కుమ్మడిగా తప్పుకున్నాయి. ఎదురు నిలిచేవారు లేక రాష్ట్ర విజేతలు వీరే అయ్యారు. కాని పై పోటీకి వెళ్ళబోతే, మైదానంలో ఆడి గెలవలేదు గనుక నియమం ఒప్పుకోదన్నారు. ఆడనివ్వనివారిదే తప్పయినా శిక్ష పిల్లలకు పడింది. విలియమ్స్‌పోర్ట్‌లో జరిగే ఆఖరి పోటీలకు వారిని అతిథులుగా పిలిచారు. బస్సులో అంతదూరం వెళ్ళి, దుస్తులు వేసుకుని, మైదానంలో కొంతసేపు బంతులు పట్టి, తరువాత గట్టున కూర్చుని ఇతరుల ఆట చూశారు. వారిని ఆడనివ్వండని జనంలో కేకలు వినవచ్చాయి. ఆడనివ్వలేదు. ఆ రాష్ట్ర విజేతల జెండాను 2002లో, నలభై ఏడేళ్ళ తరువాత, వారి చేతికిచ్చారు. అప్పటికి వారు తాతలయ్యే వయసువారు.

ఆడపిల్లల సంగతీ అంతే. 1950లో న్యూయార్క్ రాష్ట్రంలో కాథ్రిన్ జాన్‌స్టన్ అనే బాలిక జుట్టు కత్తిరించుకుని, మగపేరు చెప్పుకుని జట్టులో చేరి ఆడింది. ఆ దరిమిలా ఆడపిల్లలు పనికిరారని నియమం రాశారు. 1972లో న్యూజెర్సీ హోబోకెన్‌లో మరియా పెపే మూడు ఆటలాడగానే, ఆ పిల్లను తీసెయ్యకపోతే లీగు గుర్తింపు పోతుందని పైనుంచి హెచ్చరిక వచ్చింది. మహిళా సంఘం కోర్టుకెక్కింది. తీర్పు ఆడపిల్లల పక్షాన వచ్చి 1974లో ఖాయమైంది. ఆ ఏడాది చివర దేశ చట్టాన్నే మార్చారు. గెలిచిన మరియాకు మాత్రం అప్పటికి వయసు దాటిపోయింది. తలుపు తీయించినవారు లోపలికి వెళ్ళలేకపోవడం లోకంలో కొత్త కాదు గాని, పన్నెండేళ్ళ పిల్ల విషయంలో మనసుకు ఇంకొంచెం కష్టంగా ఉంటుంది. నలభై ఏళ్ళ తరువాత, 2014లో ఫిలడెల్ఫియాకు చెందిన మోనే డేవిస్ అనే పదమూడేళ్ళ బాలిక అదే ప్రపంచ పోటీల్లో ఎదుటి జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ఆట గెలిపించింది.

ఇప్పుడు జాతి పేరు చెప్పి, ఆడపిల్లవని చెప్పి ఎవరూ ఆపరు. డబ్బు ఆపుతున్నది. స్థానిక లీగులకు పోటీగా ఊరూరూ తిరిగి ఆడే ప్రైవేటు జట్లు వచ్చాయి. వాటిలో ఎంపిక ఉంటుంది, జీతం తీసుకునే గురువు ఉంటాడు. వారాంతం వస్తే వేరే ఊళ్ళో హోటలు బస. స్థానిక లీగు ఫీజు కంటె ఎన్నో రెట్లు ఖర్చు. ఉన్నవారి పిల్లలు అటు పోతే ఊరి లీగులో జట్లు పలచబడుతున్నాయి. మనవాళ్ళలోనూ చదువుకు ట్యూషను పెట్టించినట్టే ఆటకూ పెట్టించి, ఎనిమిదేళ్ళవాణ్ణి వందల మైళ్ళు తిప్పేవారున్నారు. అది అవసరమా అన్నది వారే ఆలోచించుకోవాలి. కొత్త కుటుంబాలకు తెలియని విషయమొకటుంది. ఫీజు కట్టలేదన్న కారణంతో ఏ పిల్లవాణ్ణీ ఆటకు దూరం చేయరాదని లిటిల్ లీగ్ నియమావళిలో స్పష్టంగా ఉంది. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడేవారే నష్టపోతున్నారు.

బేస్‌బాల్ గడ్డ మీద క్రికెట్

మన పిల్లలంతా బేస్‌బాల్‌కే పోతున్నారని కాదు. న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సాస్‌లోని ఇర్వింగ్, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వంటిచోట్ల మనవాళ్ళు ఎక్కువ. అక్కడ తండ్రికి క్రికెట్ మీద మనసు, కొడుక్కి బడిలో స్నేహితులు ఆడే ఆట మీద మనసు. చాలా ఇళ్ళలో రెండు బ్యాట్లూ ఉంటాయి, ఒకటి పలకగా, ఒకటి గుండ్రంగా.

నేల కూడా చేతులు మారుతున్నది. డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియాన్ని మార్చి 2023లో క్రికెట్ స్టేడియం చేశారు. మరుసటి ఏడు ప్రపంచ కప్ ఆటలు అక్కడ జరిగాయి. పాకిస్తాన్‌ను అమెరికా ఓడించింది ఆ నేల మీదనే. ఆ రోజు 2024 జూన్ 6. విలియమ్స్‌పోర్ట్‌లో పాల డెయిరీ పిల్లలు కలప అడితి పిల్లల చేతిలో ఓడిపోయిన తేదీ కూడా జూన్ 6 కావడం విశేషం.

వేసవిలో అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళకు తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా మనుమడి ఆటలుంటాయి. ఏప్రిల్ సాయంత్రాలు చలి, శాలువా వెంట ఉంచుకోవాలి. గుండ్రటి బ్యాటు నుంచి బంతి పక్కలకూ వెనక్కూ దూసుకొస్తుంది, కంచె చాటునే కూర్చోవాలి. ఔటయి వచ్చిన పిల్లవాణ్ణి అందరి ముందూ ఎందుకు కొట్టలేదని అడగరాదు.

ఆగస్టు దాకా ఉండేవారికి, ఉత్తర ప్రాంతంలో ఉంటే, విలియమ్స్‌పోర్ట్ కూడా చూడదగింది. నది అవతల 1959లో కట్టిన లామేడ్ స్టేడియంలో పిల్లల ప్రపంచ పోటీలు జరుగుతాయి. అమెరికా నుంచి పది, ఇతర దేశాల నుంచి పది జట్లు వస్తాయి. ప్రవేశానికి రుసుము లేదు. కంచె వెనుక పెద్ద పచ్చిక దిబ్బ ఉంది. జనం దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. ఆట చూడడానికి వచ్చిన పిల్లలు మాత్రం ఆట మధ్యలోనే లేచి, చిరిగిన అట్టపెట్టెలు వెతికి తెచ్చుకుని, వాటి మీద కూర్చుని పైనుంచి కిందికి జారుతుంటారు. ఆ జారుడుకు లీగు లేదు, ఇంటి చిరునామా ఎవరూ అడగరు.